మేడ మీద మ్యాచ్: పక్కింట్లో అరుపులు ముందు, మా తెర మీద వికెట్ తర్వాత

మేడమీద_కడప

అందరికీ నమస్తే. మాది కడప. 2025 నవంబరు 2న మహిళల వరల్డ్ కప్ ఫైనల్ మా మేడ మీద తెర కట్టి వేశాం. మామూలుగా పది మంది వస్తే గొప్ప, కానీ మన జిల్లా అమ్మాయి శ్రీచరణి ఫైనల్ ఆడుతోంది కదా, వీధంతా వచ్చేసింది. నలభై మందికి తక్కువ లేరు. నవీ ముంబైలో వాన పడి రెండు గంటలు ఆలస్యమైంది, అది మాకు మేలే అయింది, తెర కట్టి, ఉగ్గాని బజ్జీ తెప్పించేసరికి సరిగ్గా సరిపోయింది.

ఇక కష్టాలు వినండి. లారా వోల్వార్ట్ సెంచరీ కొట్టి ఇంకా ఆడుతోంది, ఆమె ఉన్నంతసేపు అందరికీ గుండె దడే. మా తెర మీద ఓవర్ అయిపోయి ప్రకటన నడుస్తోంది. అంతలో పక్కింట్లో ఒకటే కేకలు, ఈలలు, పళ్ళెం మీద గరిటెతో చప్పుడు. ఏం జరిగిందో అందరికీ అర్థమైపోయింది. ఆ క్యాచ్ అమన్‌జోత్ చేతుల్లోంచి జారి, మళ్ళీ జారి, చివరికి చిక్కింది చూశారు కదా, దేశమంతా ఊపిరి బిగబట్టిన క్యాచ్ అది. మా మేడ మీద జనం దాన్ని నవ్వుకుంటూ చూశారు, పడుతుందని ముందే తెలుసు కాబట్టి!

వాళ్ళది డిష్. మాది ఫోన్‌లో యాప్, ఫోన్ నుంచి ప్రొజెక్టర్. ఫైబర్ నెట్ 100 ఎంబీపీఎస్, స్పీడ్ టెస్ట్‌లో 90 పైనే చూపిస్తుంది. అయినా ఇవీ సమస్యలు: పక్కింటి కన్నా అర నిమిషం పైనే వెనక. చివరి పది ఓవర్లలో బొమ్మ మసకబారడం, చక్రం తిరగడం. స్పీకర్‌లో బ్యాట్ చప్పుడు బంతి వెళ్ళిపోయాక వినపడటం (బ్లూటూత్ స్పీకర్, చక్రాలున్న పెద్దది). ఒకసారి కరెంటు పోయి రెండు నిమిషాల్లోనే వచ్చింది గానీ మాకు బొమ్మ రావడానికి ఇంకో ఆరు నిమిషాలు పట్టింది. ఇంకోటి, మొదట ఫోన్‌ని వైరుతో కలిపినప్పుడు మాట వినపడింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది, తమ్ముడు ఏదో వేరే వైరు తెచ్చి అవస్థపడి తెప్పించాడు.

నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్‌కు మార్చమంటున్నాడు మా ఆపరేటర్. మార్చమంటారా?

బురుజుకింద

మార్చొద్దు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది. మాది కర్నూలు, ఇరవై ఏళ్ళుగా నెట్‌వర్క్ పనే చేస్తున్నా.

నువ్వు అయిదు రోగాలు ఒకే మూటలో కట్టి తెచ్చావు, ఆపరేటర్ అన్నిటికీ ఒకే మాత్ర ఇస్తున్నాడు. స్పీడు వేరు, ఆలస్యం వేరు. కేసీ కెనాల్ తీసుకో. మా సుంకేసుల దగ్గర నీళ్ళు వదిలితే మీ కడపకు ఎప్పటికి చేరతాయి? కాలువను రెండింతలు వెడల్పు చేసినా వదిలిన నిమిషంలో మీ ఊళ్ళో ఉండవు. దారిలో ప్రతి గేటు దగ్గరా ఆగి, నిండి, పారాలి.

యాప్‌లో మ్యాచ్ కూడా అంతే. కెమెరా నుంచి వచ్చిన వీడియోను చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు, సాధారణంగా ఒక్కోటి 2 నుంచి 6 సెకన్లు. ముక్క పూర్తిగా తయారైతే గానీ కదలదు. నాలుగైదు రకాల క్వాలిటీల్లోకి మార్చాలి, సర్వర్లకు పంచాలి, అప్పుడు నీ ఫోన్‌కి వస్తుంది. ఫోన్ కూడా వచ్చింది వచ్చినట్టు చూపించదు, మధ్యలో నెట్ తడబడితే ఆగిపోకుండా రెండు మూడు ముక్కలు దగ్గర పెట్టుకుని మొదలుపెడుతుంది. ముక్క 6 సెకన్లనుకుంటే ఇక్కడే 18 అయిపోయాయి. అన్నీ కలిపితే అర నిమిషం ఇట్టే దాటుతుంది. నీకు 100 ఉన్నా 1000 ఉన్నా ఈ లెక్క పెద్దగా మారదు. ఫుల్ హెచ్‌డీ మ్యాచ్‌కి కావలసింది 5 నుంచి 8 ఎంబీపీఎస్, అంతే.

డిష్ సంగతి వేరు. సిగ్నల్ 36 వేల కిలోమీటర్లు పైకి పోయి అంతే దూరం కిందికి వస్తుంది, అయినా ఆ ప్రయాణానికి పట్టేది పావు సెకను. కింద సిగ్నల్ తయారుచేసేచోట ఇంకొన్ని సెకన్లు పోతాయి, అంతే. అందుకే పక్కింటివాళ్ళు ముందు అరుస్తారు.

చేతనైనంత తగ్గించుకోవడానికి ఒక్క పని చెయ్యి. చక్రం తిరిగి ఆగిన ప్రతిసారీ యాప్ ఆగినచోటి నుంచే మొదలుపెడుతుంది, కాబట్టి ఆలస్యం పోగవుతూ పోతుంది. మూడుసార్లు ఆగితే మొదట 30 సెకన్లున్నది 50 కావచ్చు. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 'లైవ్' బటన్ నొక్కు, లేదంటే యాప్ మూసి మళ్ళీ తెరువు. అసలు నీది ఎంత వెనకుందో ఊహించొద్దు. డిష్ ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి, బౌలర్ బంతి వదలగానే 'ఆ' అనమను, నువ్వు స్టాప్‌వాచ్ పట్టుకో. మూడు బంతులకు చూస్తే తెలిసిపోతుంది.

జనం ఫోన్లలో స్కోరు నోటిఫికేషన్లు కూడా ఆపించు. పక్కిల్లు ఒక్కటే ద్రోహి అనుకుంటున్నావు, జేబులోనే ఇంకొకటి ఉంటుంది.

గంటస్తంభం_రాజా

పక్కింటివాళ్ళను కూడా మేడ మీదికి పిలువు సామీ. ఖర్చు రెండు ప్లేట్ల బజ్జీ.

మేడమీద_కడప

@గంటస్తంభం_రాజా పిలిచాను అన్నా. గోడ తగాదా ఉంది, రారు.

@బురుజుకింద అన్నా చాలా థాంక్స్, కేసీ కెనాల్ లెక్క మా నాన్నకు చదివి వినిపించా, ఆయనకు వెంటనే ఎక్కింది. అయితే డిష్ పెట్టించుకోమంటారా? నెలనెలా కట్టడం ఇష్టం లేదు, మేం చూసేదే ఇండియా మ్యాచులు.

గొడుగు_మెకానిక్_అనంత

అనంతపురం నుంచి. డిష్ పని నాది, కాబట్టి నా మాట కొంచెం ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టు తమ్ముడూ.

నెలనెలా కట్టకుండా అయితే డీడీ ఫ్రీ డిష్. గొడుగు, డబ్బా ఒక్కసారి కొంటే అంతే. కానీ ఏం వస్తుందో తెలుసుకుని కొను. 2007లో ఒక చట్టం వచ్చింది, ప్రభుత్వం ముఖ్యమైనవని జాబితాలో చేర్చిన మ్యాచులను ప్రైవేటు ఛానెల్ వాళ్ళు దూరదర్శన్‌తో పంచుకోవాలి. అవి డీడీ స్పోర్ట్స్‌లో వస్తాయి. జాబితాలో లేనివి పంచుకోనక్కర్లేదు, ఐపీఎల్ ఆ జాబితాలో లేదు. కాబట్టి ఏ టోర్నీ అయినా మొదలయ్యేముందు ఆ మ్యాచ్ డీడీ స్పోర్ట్స్‌లో ఉందో లేదో చూసుకోవాలి, ఉంటుందిలే అనుకుని జనాన్ని పిలవొద్దు.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. మా ఇంట్లో కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ వస్తుంది కదా, ఇంక ఫ్రీ డిష్ ఎందుకు అంటారు. మ్యాచ్ టైముకు పెడితే అందులో ఇంకేదో పాత ఆట నడుస్తుంటుంది. కేబుల్‌వాడు కావాలని ఆపాడని వాడి మీద పడతారు. వాడి తప్పు కాదది. అలా పంచుకున్న మ్యాచులు దూరదర్శన్ సొంత ప్రసారంలో, ఫ్రీ డిష్‌లో మాత్రమే ఇవ్వాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. నాకు ప్రతి వరల్డ్ కప్‌కీ ఇదే పంచాయితీ.

బిగించుకోవడం: ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. కడప నుంచి అయితే దాదాపు సరిగ్గా ఆగ్నేయం. మీ ఇంట్లో వంటిల్లు వాస్తు ప్రకారం కట్టి ఉంటే దిక్సూచి అక్కర్లేదు, వంటిల్లున్న మూలకు చూపించు. నేలనుంచి 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే బాగా పైకి. అలాగని గొడుగును ఆకాశంలోకి వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఈ గొడుగుల తయారీయే వేరు, మధ్యకు కాకుండా కింది నుంచి వచ్చిన చెయ్యి మీద ఎల్‌ఎన్‌బీ, అంటే సిగ్నల్ పట్టుకునే తలకాయ ఉంటుంది, అందువల్ల గొడుగు చూడ్డానికి ఉండాల్సినదానికన్నా ఇరవై డిగ్రీలకు పైగా నిటారుగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు తప్పు చేసేది అక్కడే. వేలెడు తిప్పు, డబ్బాలో సిగ్నల్ క్వాలిటీ గీత చూడు, రెండు సెకన్లు ఆగు, మళ్ళీ తిప్పు. స్ట్రెంత్ గీత కాదు, క్వాలిటీ గీత. స్ట్రెంత్ గీత గోడకు చూపించినా నిండుగానే ఉంటుంది.

వాన గట్టిగా పడితే బొమ్మ గళ్ళుగళ్ళుగా అయి పోతుంది, ఆ సిగ్నల్‌ను నీళ్ళు మింగేస్తాయి, దానికి మందు లేదు, మన సీమలో ఆ బాధ ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది చెప్పు. వాన వెలిసినా రాకపోతే మాత్రం గొడుగు వైరు చివరనుండే పిన్నులోకి నీళ్ళు దిగాయని అర్థం. పిన్ను కోసేసి కొత్తది బిగించి, రబ్బరు టేపు చుట్టి, వైరు పిన్నులోకి వెళ్ళేముందు కిందికి ఒక వంపు వచ్చేట్టు వదులు, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

అసలు ఆలస్యం లేకుండా చూడాలంటే గ్రౌండుకే పోవాలి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మా ఊళ్ళో ఆర్డీటీ గ్రౌండులో జరిగినప్పుడు పోయాను. నా పక్కన కూర్చున్నాయన ఎదురుగా ఆట జరుగుతుంటే ఫోన్‌లో స్కోరు చూసుకుంటున్నాడు!

సౌండుబాబు_ప్రొద్దుటూరు

బ్యాట్ చప్పుడు సంగతి నాకు వదిలేయండి.

బ్లూటూత్ తీసెయ్. మామూలు బ్లూటూత్ స్పీకర్ మాటను పొట్లం కట్టి పంపి, అవతల విప్పి వినిపించేసరికి సెకనులో ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా పోతుంది. పాట వింటే తెలీదు. క్రికెట్‌లో 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చేతి నుంచి బ్యాట్ దాకా రావడానికి పట్టేదే అర సెకను లోపు, అందులో సగం ఆలస్యమంటే కంటికీ చెవికీ కుదరదు. ప్రొజెక్టర్ వెనక హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటుంది, అక్కడి నుంచి స్పీకర్ మీద ఆక్స్ అని రాసి ఉన్న రంధ్రానికి వైరు వేసెయ్. పోతుంది.

కొందరు సెట్టింగుల్లో 'ఆడియో డిలే' అని ఉంటుంది, దాన్ని తిప్పమంటారు. చాలా టీవీల్లో, ప్రొజెక్టర్లలో అది మాటను ఇంకా వెనక్కి నెడుతుంది, అంతే. బొమ్మ కన్నా మాట ముందు వస్తుంటే దాంతో పని. నీకు మాటే వెనక ఉంది, తిప్పేకొద్దీ ఇంకా చెడుతుంది.

స్పీకర్ తెర దగ్గర పెట్టు, జనం వెనక కాదు. వైరు చాలలేదని చివర్లో పెడతారు, కామెంటేటర్ వీపు వెనక నుంచి మాట్లాడినట్టుంటుంది.

ఇన్వర్టరక్క

కరెంటు పోయి రెండు నిమిషాల్లో వస్తే బొమ్మకు ఇంకో ఆరు నిమిషాలు ఎందుకు పట్టిందంటే, నాకు తెలిసి రెండు కారణాలు కలిశాయి. నీ ప్రొజెక్టర్ పాత రకం, బల్బుదా? అది వెలుగుతుండగా కరెంటు పోతే బల్బు వేడి దిగేదాకా మళ్ళీ వెలగదు. నువ్వు ఎన్నిసార్లు బటన్ నొక్కినా అంతే, నొక్కితే బల్బు ఆయుష్షు కూడా పోతుంది. ఎల్‌ఈడీ రకానికి ఈ బాధ లేదు. రెండోది నెట్ డబ్బా మళ్ళీ లేచి, లైను కలుపుకునేసరికి రెండు మూడు నిమిషాలు.

కాబట్టి ప్రొజెక్టర్, నెట్ డబ్బా రెండూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. కొన్ని ఇళ్ళలో ఫైబర్ డబ్బా ఒకటి, వైఫై రౌటర్ ఒకటి విడిగా ఉంటాయి. రౌటర్‌కి మాత్రం ఇన్వర్టర్ ఇచ్చి ఫైబర్ డబ్బాను మరిచిపోతారు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ ఉండదు, ఆపరేటర్‌ను తిడతారు. ఇన్వర్టర్ వెనకో ముందో యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటుంది, యూపీఎస్ వైపు పెట్టు. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి బ్యాటరీకి మారే ఆ కాస్త సేపట్లో ఫ్యాను ఆగదు గానీ ప్రొజెక్టర్ ఆగిపోవచ్చు. మా ఇంట్లో ఏడాది పాటు ఈ స్విచ్ సంగతి తెలీక కంప్యూటర్ సప్లై పాడైందనుకుని మార్పించాం, డబ్బులు దండగ.

ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకు చిన్న యూపీఎస్ డబ్బాలు దొరుకుతాయి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఓల్టులో చదువు, ఎక్కువ 12 ఉంటాయి, కొన్ని 9. కలపకు.

అన్నీ వెలుగుతున్నా ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు, ఎల్‌ఓఎస్ అని రాసి ఉంటుంది, అది కొట్టుకుంటుంటే తప్పు నీ ఇంట్లో కాదు, బయట వైరు తెగింది లేదా ఆపరేటర్ దగ్గరే కరెంటు లేదు. అప్పుడు రౌటర్‌ను పదిసార్లు ఆపి వేసి లాభం లేదు, ఫోన్ డేటాకి మారిపో.

బురుజుకింద

అక్క చెప్పింది కరెక్ట్. మిగిలినవి రెండు, మసకబారడం, నల్ల తెర.

మసకబారడం: రౌటర్ కింద హాల్లో, నువ్వు స్లాబు మీద, అవునా? స్పీడ్ టెస్ట్ కింద సోఫాలో కూర్చుని చేసి ఉంటావు. మేడ మీద తెర పక్కన నిలబడి, జనం వచ్చాక చెయ్యి. వైఫైలో రెండు రకాల అలలుంటాయి, 5 గిగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్. 5 స్లాబు దాటడానికి కష్టపడుతుంది. 2.4 దాటుతుంది, కానీ అందులో ఒకదానితో ఒకటి తగలని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. వీధిలో ఇళ్ళన్నీ వాటి మీదే ఉంటాయి, పైగా నీ బ్లూటూత్ స్పీకర్ కూడా అదే 2.4 లోనే అరుస్తుంటుంది. దానికి తోడు వచ్చిన చుట్టాలందరికీ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటావు. చివరి పది ఓవర్లలో నలభై మందీ వీడియో తీసి స్టేటస్ పెడుతుంటే ఇంకెక్కడి మ్యాచ్?

రౌటర్ నుంచి నెట్ తెచ్చే లాన్ వైరు, క్యాట్ 6 రకం, 20 మీటర్లు కొని మెట్ల మీంచి పైకి లాగు. 100 మీటర్ల దాకా పోతుంది, భయం లేదు. చుట్టాలకు గెస్ట్ వైఫై పెట్టి, మ్యాచ్ టైముకు ఆపెయ్, తిట్టుకుంటే తిట్టుకుంటారు. క్వాలిటీ 'ఆటో'లో వదలకుండా 720 పెట్టు. దుప్పటి తెర మీద 720కీ 1080కీ తేడా కనిపెట్టినవాడికి నేను బిర్యానీ ఇప్పిస్తా.

నల్ల తెర: వైరు పాడవలేదు. మ్యాచ్ యాప్‌లకు కాపీ తీయకుండా తాళం ఉంటుంది, హెచ్‌డీసీపీ అంటారు. ఫోన్ నుంచి ప్రొజెక్టర్ దాకా మధ్యలో ఉన్న ప్రతి డబ్బా, ప్రతి చౌక కన్వర్టర్ ఆ తాళానికి సరైన జవాబు చెప్పాలి. ఒక్కటి చెప్పకపోయినా బొమ్మ ఆపేస్తుంది, మాట మాత్రం రానిస్తుంది. మీ తమ్ముడు తెచ్చిన రెండో వైరు జవాబు చెప్పగలిగింది, అంతే తేడా. ఫోన్‌ను అసలు ఇందులోంచి తీసెయ్. టీవీకి పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి నేరుగా ప్రొజెక్టర్‌కు గుచ్చు, దానికి లాన్ అడాప్టర్ పెట్టి ఆ క్యాట్ 6 వైరు ఇవ్వు. ఫోన్ అయితే మధ్యలో పెద్దమ్మ కాల్ చేసినా తెర మీద పడుతుంది.

మేడమీద_కడప

పెద్దమ్మ కాల్ నిజంగానే పడింది అన్నా, ఫైనల్ రోజే. మీకెలా తెలుసు?

పది రోజుల తర్వాత చెబుతున్నా, ఏం చేశానో. ముందు స్టాప్‌వాచ్ పెట్టి కొలిచా, మా పిన్ని వాళ్ళ డిష్‌తో చూస్తే మా ఫోన్ 41 సెకన్లు వెనక. స్టిక్, వైరు పెట్టాక 29. అంతకన్నా దిగలేదు, దిగదని ఇప్పుడు తెలుసు కాబట్టి బాధ లేదు. ఫ్రీ డిష్ కూడా పెట్టాం, గొడుగు నేనే బిగించా, రెండు గంటలు పట్టింది, అనంతపురం అన్న చెప్పినట్టే మొదట ఆకాశానికి వెల్లకిలా పెట్టాను. జాబితాలో ఉన్న మ్యాచ్ అయితే డిష్, లేకపోతే స్టిక్. ఆక్స్ వైరుతో బ్యాట్ చప్పుడు బ్యాట్ దగ్గరే వినపడుతోంది. ఇన్వర్టర్ స్విచ్ నార్మల్‌లోనే ఉంది అక్కా, మూడేళ్ళుగా. ప్లాన్ 100 దగ్గరే ఉంచా.

పిట్టగోడ మీంచి తెచ్చిన లాన్ వైరు మీద మా అమ్మ చీరలు ఆరేస్తోంది, దానికి మీ దగ్గర ఏమైనా ఉపాయం ఉందా? ఇంకొకటి, ప్రొజెక్టర్ గంట నడిచాక బుస్సుమని శబ్దం చేసి దానంతట అదే ఆగిపోతోంది.

ఇన్వర్టరక్క

గాలి రంధ్రం దగ్గర జాలీ ఉంటుంది, ప్లగ్ తీసి, జాలీ ఊడదీసి దుమ్ము దులుపు. మేడ మీద వాడితే నెలకోసారి తప్పదు. వెనక, పక్కల జానెడు ఖాళీ ఉంచు. చీరలకు ఉపాయం లేదు.